కోడలు వచ్చేదాకా

ఆసుపత్రి లాండ్రీలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అక్కడ చిన్నా పెద్దా అందరూ వదిన అనే పిలిచేవారు. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కితే ముందు మూటలు విప్పి వేరుచేయాలి. వార్డు దుప్పట్లు ఒకవైపు, ఆపరేషను గది ఆకుపచ్చ గుడ్డలు ఒకవైపు, మరకలున్నవి నానబెట్టే తొట్టిలోకి. జేబులు తడమాలి. కళ్లజోళ్లు, మాత్రలు, ఒకసారి కట్టుడు పళ్లు కూడా దొరికాయి. తర్వాత ఇస్త్రీ చేసే ఆవిరి రోలరు దగ్గర ఇద్దరిద్దరుగా నిలబడి అంచులు కలిపి మడతలు పెట్టాలి. మధ్యాహ్నం రెండయ్యేసరికి భుజాలు తనవి కావనిపించేవి. అసలు పని ఇంటికెళ్లాక మొదలయ్యేది.

ఇంట్లో అత్తగారు. మూడేళ్లుగా ఆవిడకు మతిమరుపు. మొదట వస్తువులు పోయాయి, తర్వాత వీధులు, ఆ తర్వాత మనుషులు. కొడుకును అప్పుడప్పుడూ గుర్తుపట్టేది. కోడలి మొహం మాత్రం పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. ఒంటికి పట్టిన బ్లీచింగు వాసన వల్లనేమో, ఆమెను నర్సు అనుకునేది.

"నర్సమ్మా, మా కోడలు వచ్చిందా?"

"నేనే కదత్తయ్యా మీ కోడల్ని."

"నువ్వా?" అత్తగారు ఎగాదిగా చూసేది. "దాని జుట్టు నల్లగా నిగనిగలాడుతుంది. నువ్వు చూడబోతే నా ఈడుదానిలా ఉన్నావు."

మొదటిసారి ఈ మాటకు, పగలు ఆవిడకు తోడుండే పక్కింటి పిన్నిగారు కడుపుబ్బ నవ్వింది. వదిన కూడా నవ్వింది. వందోసారికి నవ్వు రాలేదు.

కంచం ముందు పెడితే మరో పేచీ. "అది రానీ. మా కోడలు వచ్చేదాకా ముద్ద ముట్టను." ఆ కోడలేమో కంచం పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండేది. "మీ కోడలే తినిపించమని పంపిందమ్మా" అని అబద్ధం ఆడితే గానీ నోరు తెరిచేది కాదు.

వదినకు ప్రార్థన నేర్పింది ఆ నోరే. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె దేవుడి ముందు కూడా నసిగేది. నీకు వీలైతే, నేను తగనిదాన్నే గానీ, అంటూ మాట పూర్తిచేసేది కాదు. అత్తగారు వినీ వినీ ఒకరోజు అడ్డుపడింది.

"ఏమిటే ఆ గొణుగుడు? పక్కింటికి చక్కెర అడగడానికి వెళ్లినట్టు! నీ తండ్రి దగ్గరికే కదా వెళ్తున్నావు. తలుపు తోసుకుని వెళ్లి అడుగు. విన్నాడని నమ్మి లే."

ఆవిడ పద్ధతే అంత. నాలుగు మాటల్లో అడిగి, స్తోత్రం చెప్పి, కొంగు దులుపుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. మనవడినిమ్మని పదేళ్లు అడిగింది. ఇవ్వలేదు. "విన్నాడే, నాకు తెలుసు. ఎందుకివ్వలేదో పైకెళ్లాక ఆయన్నే నిలబెట్టి అడుగుతా" అంది తప్ప, కోడల్ని పల్లెత్తు మాట అనలేదు.

అందుకే వదిన కూడా ధైర్యంగానే అడిగింది. అత్తగారి మతి మొత్తం బాగుచేయమని కాదు. ఒక్కసారి, ఒక్క నిమిషం, నన్ను గుర్తుపట్టనివ్వు తండ్రీ అని. రోలరు దగ్గర అడిగింది. బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ అడిగింది. మొదటి ఏడాది స్తోత్రం కూడా ముందే చెప్పేసింది. రెండో ఏడాది బతిమాలింది. మూడో ఏటికి ఆ మాటలు పెదవులకు అలవాటై, మనసు వేరే ఎక్కడో ఉండేది.

భర్త దూరపు బస్సుల డ్రైవరు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉండేవాడు. "పాస్టరుగారు నీ గురించి అడిగారు. ప్రార్థన మానొద్దన్నారు" అన్నాడు ఒకసారి, బూట్లు విప్పుకుంటూ.

"అడిగీ అడిగీ నా నోరు అరిగిపోయిందండీ. ఆయన్నే అడగమనండి."

అతను రెండో బూటు విప్పి పక్కన పెట్టాడు.

ఒక ఆదివారం పిన్నిగారికి జ్వరమొచ్చింది. అత్తగారి దగ్గర కూర్చునే మనిషి లేక వదిన చర్చికి వెళ్లలేకపోయింది. స్నానం చేయించబోతే అత్తగారు చెంబెడు నీళ్లు ఆమె మొహాన కొట్టింది. పక్క తడిపింది. దుప్పటి మారిస్తే మళ్లీ తడిపింది. వారమంతా ఊరి దుప్పట్లు ఉతికిన చేతులతో ఆ రెండూ ఉతికి ఆరేసి, వదిన మంచం పక్కన నేలమీద కూలబడింది. మోకరించాలనుకుంది. తండ్రీ అంది. తర్వాతి మాట రాలేదు. ఏడుపే వచ్చింది, అది కూడా ఓపిక లేనట్టు, చప్పుడు లేకుండా.

తలమీద ఓ చెయ్యి పడింది.

"ఎందుకమ్మా నర్సమ్మా ఏడుస్తున్నావు? నీకెవరూ లేరా?"

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది.

"సరే, కళ్లు మూసుకో. నేనడుగుతాను." అత్తగారి గొంతు ఒక్కసారి వెనకటి గొంతైంది. "తండ్రీ, ఈ పిల్ల ఎవరో నాకు తెలీదు. నీకు తెలుసు. బాగా అలిసిపోయింది. దీనికి బలమియ్యి. అలాగే, రోజూ అడిగేదే, మా కోడలు పొద్దుననగా పనికెళ్లింది, ఇంకా రాలేదు. దాన్ని క్షేమంగా ఇంటికి చేర్చు. చేరుస్తావు. నీకు స్తోత్రం."

వదిన ఆమేన్ అంది. అత్తగారికి తాను గుర్తులేదు. కానీ రోజూ ఆ మంచంమీద తనకోసం ప్రార్థన జరుగుతూనే ఉందన్నమాట. తాను దేవుణ్ణి నిలదీసిన సాయంత్రాల్లో కూడా.

ఆ తర్వాత పెద్దగా మారిందేమీ లేదు. దుప్పట్లు తడుస్తూనే ఉన్నాయి. అయితే సాయంత్రం ఇల్లు చేరగానే ఆమె మంచం దగ్గర కూర్చుని, "నాకోసం ప్రార్థన చేయరా అత్తయ్యా" అనేది. "నువ్వెవరమ్మా?" అని అడిగి మరీ చేసేది ఆవిడ. కొన్నిసార్లు విసుక్కుని పొమ్మనేది. ఆవిడకు మాటలు కూడా పోయాక, ఆ పని వదిన తీసుకుంది. ఆ ఒక్క నిమిషాన్ని మళ్లీ అడగడం మొదలుపెట్టింది. బతిమాలకుండా, నసగకుండా, నాలుగు మాటల్లో.

ఆ నిమిషం రానేలేదు. ఒక మంగళవారం పొద్దున, వదిన చెయ్యి పట్టుకుని ప్రార్థిస్తుండగానే అత్తగారి ఊపిరి ఆగింది. వదినకు తెలిసింది. అయినా మధ్యలో ఆపబుద్ధి కాలేదు. చివరిదాకా అడిగి, స్తోత్రం చెప్పి, అప్పుడు లేచి పిన్నిగారిని కేకేసింది.

సమాధి కార్యక్రమం అయ్యాక భర్త ఆమెను పడుకోమన్నాడు. చీరైనా మార్చుకోకుండా పడుకుంది. మూడేళ్లలో మొదటిసారి, ఎవరూ లేపకుండా, పొద్దు వాలేదాకా నిద్రపోయింది.