కొలత దారం

మా అత్తగారు దర్జీ. ఆదివారం ప్రార్థన అయిపోగానే సంఘంవాళ్ళతో కలిసి జైలుకి బయల్దేరేది. "ఇంట్లో ఇంత పని పెట్టుకుని ఆ దొంగల దగ్గరికెందుకత్తయ్యా?" అని నేను రుసరుసలాడితే, "నువ్వు మాత్రం పెద్ద దొరసానివా? వెళ్ళి గిన్నెలు తోము" అనేది. అబ్బ, ఏం నోరండీ అది! ఇప్పుడా నోరు లేక ఇల్లు బోసిపోయింది.

లోపల పాస్టరుగారు వాక్యం చెబితే, ఈవిడ పిల్లల ఎత్తు చెప్పేది. వారం మధ్యలో ఖైదీల ఇళ్ళకు వెళ్ళి, పిల్లల్ని నిలబెట్టి భుజం నుంచి మోకాలిదాకా దారంతో కొలిచేది. నడుము దగ్గర ఒక ముడి. ఆదివారం ఆ దారం తండ్రి చేతికిచ్చేది. "టేపుంది కదా, అంకె చెబితే సరిపోదా?" అని అడిగాను. "అంకెని ముద్దుపెట్టుకుంటాడా ఏంటే?" అంది.

ఆ ఖైదీల్లో ఒకతను జైల్లోనే కుట్టుపని నేర్చాడు. లోపలికెళ్ళేనాటికి కూతురు ఉయ్యాల్లో ఉంది. పిల్ల ఆ గోడలు చూడకూడదని ఎప్పుడూ తీసుకురానివ్వలేదు. ఆ పిల్లేమో మా అత్తగారు గుమ్మంలో కనబడితే చాలు, చేతులు చాచి నిలబడి గొణిగేది: "ఎప్పుడూ కొలతలే! గౌను ఏదీ?"

తర్వాత మోకాళ్ళ నొప్పులతో అత్తగారు కొన్ని నెలలు మంచం పట్టింది. అతని విడుదల దగ్గరపడింది. "నా కూతురు నా దగ్గరికి వస్తుందా అమ్మా?" అని పాస్టరుగారితో కబురు పంపాడు. ఆ మాటకి ఈవిడకి తిండి సయించలేదు.

అతను విడుదలయ్యే రోజు నా భుజం పట్టుకుని జైలు గేటుదాకా నడిచింది. పిల్ల తల్లి వెనక నక్కింది. "ఆయనెవరో నాకు తెలీదు. నేను రాను" అంది. అతను బయటికొచ్చి, దూరంగానే ఆగిపోయి, సంచీలోంచి తను కుట్టిన పూల గౌను తీసి ముందుకు పట్టాడు. తల్లి వెళ్ళి దాన్ని తెచ్చి పిల్లకి తొడిగింది. నడుము పైకి లేచిపోయింది, అంచు మోకాలికి జానెడు పైన ఆగింది.

"నా పాడు మోకాళ్ళు!" అని మా అత్తగారు నుదురు కొట్టుకుంది. "కొత్త దారం ఇవ్వలేకపోయానే!"

పిల్ల అప్పుడు చూసింది, అతని సంచీలోంచి వేలాడుతున్న దారాల కట్టని. "అవి నావి" అంది. ఇంకాసేపు చూసింది. తల్లి చెయ్యి వదిలి, నడిచివెళ్ళి అతని ఎదురుగా చేతులు చాచి నిలబడింది.

"పొట్టిగా ఉంది. మళ్ళీ కొలువు."

అతను మోకాళ్ళ మీద కూర్చుని, భుజం దగ్గర్నుంచి జానలతో కొలవడం మొదలుపెట్టాడు. మోకాలిదాకా వచ్చి, మళ్ళీ భుజం దగ్గరికి వెళ్ళాడు.