నీళ్లు తగలనీయని గాయం

మా ఇంటి కుక్కకాటు మందు ఆదివారం పొద్దున్నే ఇచ్చేవారు. ఇచ్చేవాడు స్నానం చేసి ఉండాలి, తీసుకునేవాళ్లు పరగడుపున రావాలి. మొదట తాత ఇచ్చేవాడు, తర్వాత బాపు, ఆయన పోయాక నేను. కేతేపల్లి చుట్టుపక్కల మా భూములు ఎప్పుడో చేతులు మారాయి. పెత్తనం అంతకన్నా ముందే పోయింది. ఆదివారం నాడు వాకిట్లో నిలబడే ఆ నలుగురైదుగురి కోసమే నేను ఇస్త్రీ చొక్కా వేసుకునేవాణ్ణి.

పసరు మింగించి, ఆకు ముద్ద గాయం మీద పెట్టి గుడ్డతో కట్టి, పథ్యం చెప్పేవాణ్ణి. నలభై రోజులు వంకాయ, గోంగూర, మాంసం వద్దు. సూది వేయించుకుంటే మందు విరిగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మూడు రోజులు గాయానికి నీళ్లు తగలకూడదు. మందు తిన్నవాళ్లెవరైనా చనిపోతే మా ఇంట్లో ఒకటే మాట అనేవారు: మందు తప్పలేదు, పథ్యం తప్పింది.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు, పత్తి ఏరే రోజులు. ఆ ఆదివారం ఒక్కతే వచ్చింది. కూలికి పోయే మనిషి, నలభై ఏళ్లుంటాయి. ముందురోజు సాయంత్రం చికెన్ దుకాణాల వాళ్లు చెత్త పారబోసే చోట కుక్క ఆమె ఎడమ అరచేతిని పట్టేసింది. ఆమె తండ్రికి బాపు ఇదే మందు ఇచ్చాడట. ఆయన ముసలితనం దాకా బతికాడని సంబరంగా చెప్పుకుంటూ చెయ్యి చాపింది. కట్టు కట్టి పంపాను.

సోమవారం పొద్దున మా గేటు దగ్గరికి నర్సమ్మ వచ్చింది. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి సూదులు వేసే ప్రభుత్వ ఉద్యోగి. కూర్చోమంటే కూర్చోలేదు. కరిచిన కుక్క రాత్రి చచ్చిందని, పంచాయతీ వాళ్లు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చారని చెప్పింది. అది కరిచింది ముగ్గురిని. ఇద్దరు దవాఖానకు వెళ్లారు. మూడో మనిషి మాత్రం కట్టు చూపించి, దొర మందు తిన్నానని చెప్పి పత్తి చేనుకు వెళ్లిపోయిందట.

"నేను జెప్తే ఇంటలేదు సారూ. చేతికి కరిసింది, ఆగే టైం లేదు. మీరు జెప్తెనే ఇంటది."

కబురు పంపిస్తానన్నాను.

"కబురు గాదు. మా మందు పనిజెయ్యదని మీ నోటితోని మీరే జెప్పాలె."

మా గడపలో నిలబడి ఆ మాట అన్నవాళ్లు అంతకు ముందు లేరు. నాకు ఒళ్లు మండింది. నర్సమ్మ మాత్రం కదల్లేదు. గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగాలని, తర్వాత గాయంలోనే వేసే మందు ఒకటి ఉందని, పెద్ద దవాఖానకు వెంటనే పోవాలని నింపాదిగా చెప్పింది. పోతూ పోతూ అడిగింది, "మిమ్మల్నే కుక్క కరిస్తె ఏం జేస్తరు సారూ?"

ఆమెకు తెలియదు. తెలిసింది నాకొక్కడికే. అంతకు రెండేళ్ల ముందు నార్కట్‌పల్లి చౌరస్తాలో ఒక కుక్క నా పిక్క పట్టుకుంది. హోటల్ కుళాయి దగ్గర సబ్బు అడిగి కడుక్కుని, అటునుంచి అటే నల్లగొండ వెళ్లి సూది వేయించుకున్నాను. చెప్పిన రోజుల్లో వెళ్లి మిగతావీ పూర్తి చేశాను. గాయాన్ని ప్యాంటు కప్పేసింది. ఆ వచ్చిన ఆదివారం కూడా ఇద్దరికి ఆకు కట్టాను.

స్కూటర్ తీశాను. ఆ చేను నకిరేకల్ రోడ్డు మీద ఉంది. ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరసగా ఏరుతున్నారు. ఆమె ఎడమచేతిని రొమ్ముకు ఆనించుకుని కుడిచేత్తో ఏరుతోంది. నన్ను చూసి ఒకామె, "దొర గూడ కూలికొచ్చిండు, పత్తికి ఒడి గట్టుండ్రే" అంది. అందరూ నవ్వారు.

దవాఖానకు పదమన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

"మందు తిన్న గద దొరా. పథ్యం గూడ పడుతున్న. సూది ఏసుకుంటె మందు ఇరుగుతదని మీరే జెప్తిరి."

మందు, సూది రెండూ మంచివే, పర్వాలేదు అని ఉండొచ్చు. ఆమె వచ్చేదేమో, నా పరువూ మిగిలేది. కానీ ఆ మాట ఈ ఎనిమిది మంది ఊళ్లోకి మోసుకుపోతారు. వచ్చే ఆదివారం ఇంకొకరు చెయ్యి చాపుతారు.

"మా మందు పనిజెయ్యదు," అన్నాను. "నన్ను కుక్క కరిసినప్పుడు నేను సూదులే ఏసుకున్న."

ఆమె నా మొహంలోకి చూసింది.

"మరి నాకెందుకు గట్టినవ్?"

ఆమె పళ్లతో ముడి విప్పి కట్టును చాళ్లలో పారేసింది. బోరు పైపు కింద చెయ్యి పెట్టింది. ఎవరో సబ్బు ముక్క ఇచ్చారు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. గాయం తెల్లబడుతోంది. పావుగంట అంత పొడుగుంటుందని నాకు తెలియదు.

నా స్కూటర్ ఎక్కలేదు. రోడ్డు మీద ఆటో ఆపి ఎక్కింది. నేను వెనక వెళ్లాను. దవాఖానలో చీటీల వరసలో ఆమె వెనకే నిలబడ్డాను. ఇంత ఆలస్యం ఎందుకైందని డాక్టర్ అడిగితే ఆమె నా వైపు చూసింది. నేనే చెప్పాను. గాయం చుట్టూ మందు ఎక్కించారు, నాలుగు సూదుల్లో మొదటిది వేశారు. ఇక భయం లేదా అని అడిగాను. అన్ని సూదులూ తప్పకుండా వేయించుకోవాలని, కొన్ని నెలలు కనిపెట్టి ఉండాలని అన్నాడు. ఆ రోగం వస్తే నీళ్లు మింగలేరట.

ఆదివారాలు వచ్చినవాళ్లను గేటు దగ్గరే దవాఖానకు పంపడం మొదలుపెట్టాను. మా బంధువులు ఇంటి పరువు తీశావని మాట్లాడటం మానేశారు. ఆమె మాత్రం నాలుగు సూదులూ తనంతట తానే వెళ్లి వేయించుకుందని నర్సమ్మ చెప్పింది. అయినా రోజూ పొద్దున కూలోళ్లు పోయే వేళకు నేను గేటు దగ్గర నిలబడేవాణ్ణి. ఆమె నడక చూసేవాణ్ణి. చేతిలో నీళ్ల సీసా ఉండేది. తాగుతుందేమోనని చూసేవాణ్ణి, తాగేది కాదు. పత్తి అయిపోయింది. ఎండలు ముదిరాయి.

ఒక పొద్దున ఆమె మిగతావాళ్లను ముందుకు పొమ్మని నా ఎదురుగా ఆగింది. మూత తీసి, తల వెనక్కి వంచి, సీసా అంతా గటగటా తాగింది. మూతి తుడుచుకుంది.

"సూసినవా దొరా? ఇగ లోపలికి పో, ఎండ గొడ్తాంది."