మిషనుకు గొడుగు, నాకు చింతచెట్టు

వెలుగును పంపించి దూరం కొలిచే మిషను ఒకటి ఎనభైల్లో పుంగనూరుకు వచ్చింది. సముద్రాలు దాటి వచ్చినా దానికేమీ కాలేదు. బెంగుళూరు నుంచి మా రోడ్ల గుంతల్లో జీపుతో పాటు ఎగిరెగిరి పడినా ఏమీ కాలేదు. నా సావాసం పట్టిన మొదటి రోజే దానికి పిచ్చెక్కింది. ఎట్లా ఎక్కిందో చెబుతాను, నవ్వండి. కాకపోతే చిత్తూరు జిల్లా ఎండలో ఏనాడూ నీడకు జరగనివాళ్లే ముందుగా నవ్వాలి.

అంతకుముందు నేను మదనపల్లె టమాటా మండీలో బుట్టలు మోసేవాణ్ణి. బడీ నేనూ ఎనిమిదో తరగతిలోనే ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం. పుంగనూరు నుంచి కుప్పం దాకా రోడ్డు సర్వేకు మనుషులు కావాలంటే వెళ్లాను, పని దొరికింది. దొరికిన పని దొరికినట్టు చేసుకోవచ్చు కదా? మండీకి తిరిగి వెళ్లి, నలుగురూ వింటుండగా మా యజమాని రెడ్డప్పతో, "ఇంక నీ బుట్టలు నువ్వే మోసుకో రెడ్డప్పా. నేను సర్వే మనిషిని" అన్నాను.

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, "పోప్పా, పో. నీ బుట్ట ఈడనే బోర్లేసి పెడతా. వచ్చినాక ఎత్తుకుందువు" అన్నాడు.

ఆ మాట మీరూ గుర్తు పెట్టుకోండి.

మిషను పుంగనూరు ఆవు లాంటిది. చూడ్డానికి పొట్టి, పని గట్టి. ఈ చివర అది వెలుగు పంపిస్తుంది. ఆ చివర ఒక మనిషి కర్రకు బిగించిన అద్దం పట్టుకుని నిలబడాలి. వెలుగు పోయి, అద్దానికి తగిలి తిరిగొస్తుంది. పోయిరావడానికి పట్టిన సమయాన్ని బట్టి మిషను దూరం చెబుతుంది. మా అమ్మ నన్ను ఉప్పుకు పంపించి ఈ లెక్కే వేసి ఉంటే, వీధి చివర అంగడి బెంగుళూరు అవతల తేలేది.

ఆ అద్దం పట్టుకునే మనిషిని నేనే.

మా ఇంజనీరు జయరాజ్ సారు మదనపల్లె మిషనరీల బళ్లో చదివిన మనిషి, నెమ్మదస్తుడు. పని మొదలుపెట్టే ముందు మమ్మల్ని పిలిచి చెప్పాడు. "ఈడ రెండు రాళ్లు పాతిండాము. వాటి నడుమ దూరం ఇనుప టేపుతో ముందే కొలిచిండాము. మిషను ఆ దూరమే చెప్పాల. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూస్తాం. సరిగ్గా చెప్తే రేపట్నుంచి పని. చెప్పకుంటే మిషను బెంగుళూరుకు, మనం ఇండ్లకు."

"నేనుండా కదా సార్" అన్నాను. "ఎండ జాస్తిగా ఉండాది, గొడుగేమైనా..."

"ఒకటే ఉండాది చిన్నప్పా. కాగితాలకు నీడ కావాల."

సరేనని అద్దం ఎత్తుకుని తూర్పున ఉన్న రాతి దగ్గరికి పోయాను. దాని వెనక, ఇంకా తూర్పున, కొంచెం పక్కకు, పెద్ద చింతచెట్టు. పొద్దున్నే కదా, దాని నీడ పొడుగ్గా సాగి రాతి మీద పడుతోంది. హాయిగా నిలబడ్డాను. అటునుంచి ఈల వినబడింది, ఎర్రగుడ్డ ఊగింది. కొలత అయిందని గుర్తు. వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చిందట.

కాసేపటికి నీడ చెట్టువైపు జరిగింది. రాయి ఎండలో మిగిలింది. ఇక్కడ నా బుర్ర పని చేసింది. అది పని చేసినప్పుడల్లా ఊరికి అరిష్టమే. దూరం కొలిచే మిషను కదా, నేను యాడ నిలబడితే ఆడికి కొలుచుకుంటుంది, దానికోసం నేనెందుకు మాడాలి? నీడతో పాటు వెనక్కి జరిగాను. నీడ ఇంకా జరిగింది. దానికి నేను తోడు. మధ్యలో ఒక మిట్ట ఉంది కాబట్టి అటువాళ్లకు అద్దమూ నా తలా తప్ప కాళ్ల కింద ఏముందో కనబడదు. నేరుగా వెనక్కి జరిగితే దుర్భిణిలోనూ తెలియదు.

మధ్యాహ్నం సంగటికి మిషను దగ్గరికి వెళ్తే జయరాజ్ సారు ముఖం వాడిన వంకాయలా ఉంది.

"ఏమి సార్?"

"పొద్దున సరిగ్గా చెప్పింది. తర్వాత బారెడు ఎక్కువ చెప్పింది. ఇప్పుడు రెండు ఎద్దులబండ్లంత ఎక్కువ చెప్తాండాది."

"ఎండకేమో సార్."

"వేడికి తేడా వస్తాదప్పా, కానీ వెంట్రుకంత రావాల. ఎద్దులబండ్లు యాడినుంచి వచ్చినాయి?"

జీపు డ్రైవరు మస్తాన్ భాయ్ మిషను చుట్టూ తిరిగి చూశాడు. "అరే, దీనికి దిష్టి తగిలిండాది సాబ్. నిమ్మకాయ కడదామా?"

నాకు జాలి వేసింది. "మొగం చూస్తేనే తెలుస్తాంది సార్, ఇది ఎండకు ఓర్వని రకం. సుకుమారం. కాగితాలు యాడన్నా పెట్టుకోండి, గొడుగు దీనికి పట్టండి" అని సలహా ఇచ్చాను.

పట్టారు. ఇంజనీరు ఎండలో, మిషను గొడుగు కింద, నేను చింతచెట్టు కింద. సాయంత్రానికి నీడ చెట్టుకు ఆవలివైపు సాగింది. నేనూ సాగాను. మిషను చెప్పే తేడా ఎద్దులబండ్లు దాటి బస్సులదాకా వచ్చింది.

"ఇంక అయిపోయిందప్పా" అన్నాడు సారు, నేనిచ్చిన అద్దాన్ని పెట్టెలో పెడుతూ. "రేపు పొద్దున ఒక్క తూరి చూస్తాం. కాకుంటే జీపెక్కించేస్తాం."

నా కళ్లముందు బోర్లేసిన బుట్ట తిరిగింది. రాత్రంతా ఆ మిషనును తిట్టాను. ఇంత ఖరీదు పెట్టి తెచ్చుకుంటే ఎండకు కూడా నిలబడలేని సోమరిపోతు అన్నాను. అవును, ఆ మాట నేనే అన్నాను.

మర్నాడు సారు గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఈ పొద్దు గొడుగు అద్దానికి. రాతి మీదనే నిలబడి పట్టుకో. గొడుగుంటే జరిగే పనుండదు కదా?"

"నేనెందుకు జరుగుతా సార్" అన్నాను.

గొడుగు కింద రాతి మీద దేవుడి ఉత్సవ విగ్రహంలా నిలబడ్డాను. పొద్దున కొలిచారు, సరిపోయింది. మిట్టమధ్యాహ్నం సరిపోయింది. సాయంత్రమూ సరిపోయింది. మస్తాన్ భాయ్ నన్ను కౌగిలించుకున్నాడు. "చెప్తి కదా భాయ్, సుకుమారమని. కాకుంటే ఎండ పడంది మిషనుకు కాదు, అద్దానికి" అన్నాను.

అక్కణ్ణుంచి వెంకటగిరికోట మీదుగా కుప్పం దాకా నెలల తరబడి గొడుగు కిందే నడిచాను. దారిపొడుగునా ఊళ్లవాళ్లు నన్నే ఇంజనీరనుకుని దండాలు పెట్టారు. వద్దనలేదు.

కుప్పంలో చివరి రోజు, రైల్వే స్టేషను పక్క టీ అంగట్లో కొత్తగా చేరిన వాళ్లకు నా గొప్ప చెప్పుకుంటున్నాను. "మిషనుకు వచ్చిన రోగం కనిపెట్టింది నేనేప్పా. సార్నే అడగండి."

జయరాజ్ సారు టీ ఊదుకుంటూ, "నిజమే. ఆ మొదటి రోజు సాయంత్రం నువ్విచ్చిన అద్దం పెట్టెలో చింతాకు రాలిండాది చిన్నప్పా. రాతి నెత్తిన చింతచెట్టు లేదు కదా అనుకుంటి" అన్నాడు.

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. చింతచెట్టూ, నీడా, రాయీ, బస్సులూ అన్నీ వరసగా వచ్చి అప్పుడు తలకెక్కాయి. మిషను పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిజమే చెప్పింది. నేను యాడ నిలబడితే ఆడికే కొలిచింది. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను విన్నాను. నిలబడలేక మిషను ఓడన్నవాణ్ణి నన్నే చూశాను.

"మరి నన్ను ఆ పొద్దే యాల తీసేయలేదు సార్?"

"తీసేస్తే కొత్తోడు వస్తాడు. వాని తప్పు ఎంతో మళ్లా మొదట్నుంచి కొలవాల. నీ తప్పు ఎంతో తెలిసిపోయింది కదప్పా. మిషనుకు తప్పు సున్న. నీకు ఒక గొడుగు. అంత కలిపితే నువ్వూ సరిగ్గానే పనిచేస్తావు."

అందుకే ఆ టీ గ్లాసు మీద ఒట్టేసుకున్నాను. ఎవరు ఏ రాయి చూపించి నిలబడమన్నా, నిప్పుల వాన కురిసినా సరే, ప్రాణమున్నంతవరకు ఆ రాయి దిగను. దీనికి పంచభూతాలే సాక్షి. కాకపోతే ఇంట్లోనుంచి అడుగు బయటపెట్టే ముందు గొడుగు తీసుకోవడం మాత్రం ఈనాటికీ మరిచిపోను.