సుభానీ మాష్టారు చూపించిన మూడు ఫొటోలు

నిన్న దర్శి నుంచి బస్సులో వస్తుంటే రోడ్డు పక్క కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి ముక్కుకు తగిలి వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. వెంటనే సుభానీ మాష్టారు గుర్తొచ్చారు. నేను పనిచేసిన హైస్కూలు వెనక అలాంటి కల్లమే ఉండేది. కాయ ఎండే రోజుల్లో ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునే డ్రాయింగ్ పాఠం చెప్పేవారు.

ఒక ఏడాది స్కూలు వార్షికోత్సవ పుస్తకానికి ఫొటోలు తీసే పని హెడ్మాస్టరుగారు నాకు అప్పగించారు. కొత్త ఫోన్ కొన్నది నేనొక్కదాన్నే మరి. పిల్లల్ని గోడకు వరసగా నిలబెట్టి తీశాను. ఉద్యోగం రాకముందు మాష్టారు చీమకుర్తిలో ఒక స్టూడియోలో పనిచేశారు. నా ఫొటోలు చూసి నవ్వారు.

"ఇవన్నీ హాల్ టికెట్టు ఫొటోలమ్మా. ఫోన్ ఎత్తి ఇటు చూడండర్రా అన్నావో, ఇక పిల్లలు నీకు దొరకరు. వాళ్ళెత్తున కూర్చో. వాళ్ళు నిన్ను మరిచిపోయేదాకా ఆగు."

వెలుగు ముఖానికి పక్కనుంచి పడితే ఎలా ఉంటుందో, బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఎన్ని ఫొటోలు పడతాయో కూడా ఆయనే చూపించారు. మూడు రోజులు ప్రయత్నించాను. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ వరండాలో స్తంభం పక్కన కింద కూర్చున్నాను. కాసేపటికి పిల్లలు నన్ను మరిచిపోయారు. ఒకడు పక్కవాడి కోడిగుడ్డు లాక్కోబోతున్నాడు, ఇద్దరు పొలమారేట్టు నవ్వుతున్నారు. నేను బటన్ వదల్లేదు.

గొప్పగా తీశానని పొంగిపోతూ స్టాఫ్‌రూంలో ఫోన్ ఆయన చేతికిచ్చాను. మెచ్చుకుంటూ చూస్తున్న మనిషి ఒకచోట ఆగారు. వెనక్కి జరిపారు, మళ్ళీ ముందుకు జరిపారు. రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేశారు.

"ఈ మూడూ చూడమ్మా. అవతల గంట కొట్టినట్టున్నారు. అందరి తలలూ అటు తిరిగాయి. ఈ పిల్ల తిరగలేదు."

ఆ పిల్ల కోటేశ్వరి. నా క్లాసే. రెండేళ్ళుగా పిలిస్తే పలకదని, చెప్పింది చెయ్యదని చివరి బెంచీలో కూర్చోబెట్టింది నేనే. అదంతేనండీ, దేన్నీ పట్టించుకోదు అన్నాను. మాష్టారు నా వైపు చూడకుండానే అన్నారు.

"పట్టించుకోకపోవటం కాదేమోనమ్మా. వినపడటం లేదేమో."

ఆ సాయంత్రం కోటేశ్వరి వరండాలో ఒక్కతే కూర్చుని బొమ్మ వేసుకుంటోంది. మాష్టారు ఆమె వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టారు. దూలం మీది పావురాలు లేచిపోయాయి. ఆ అమ్మాయి పెన్సిలు ఆగలేదు. డెబ్భై మంది పిల్లల్లో ఒక పిల్ల చెవులు మూసుకుపోయి ఉంటే, రోజూ హాజరు పిలిచే నాకు తెలియలేదు. పక్కపిల్ల మోచేత్తో పొడిస్తేనే అది "ప్రెజెంట్ టీచర్" అనేదని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు వాళ్ళమ్మకు కబురు పెట్టాము. కల్లంలో కాయలు ఏరే పని మధ్యలో లేచి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చిన్నప్పుడు చెవులు కారేవని, నూనె కాచి పోశామని చెప్పింది. తర్వాత నన్ను చూసి, నింద లేని గొంతుతో అంది.

"పిల్లకి పొగరని మీరు చెప్పారు కదండీ. అందుకని రెండుసార్లు కొట్టాను."

ఆ వారమే తల్లినీ పిల్లనీ ఆస్పత్రికి తీసుకెళ్ళాము.

ఒంగోలులో డాక్టరు రెండు కర్ణభేరులూ దెబ్బతిన్నాయన్నారు. ఒక చెవికి ఆపరేషన్ జరిగి కొంత వినికిడి వచ్చింది, రెండోదానికి రాలేదు. కోటేశ్వరి మొదటి బెంచీకి వచ్చింది. నాతో మామూలుగానే ఉండేది. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. మీరు నన్నెందుకు ఒక్క మాటా అనలేదని మాష్టారిని ఒకసారి అడిగాను.

"నేనూ దానికి రెండేళ్ళు పాఠం చెప్పానుగా అమ్మా. నాకు మాత్రం తెలిసిందా?" అన్నారాయన.

మాష్టారు రిటైరై, పోయిన ఏడాది కాలం చేశారు. నేను ఇప్పుడు వేరే ఊరి స్కూల్లో ఉన్నాను. జూన్‌లో కొత్త క్లాసు రాగానే బెంచీల వెనక నడుస్తూ ఒక్కొక్కరినీ పేరుతో మెల్లగా పిలుస్తాను. కొందరు అల్లరికి పలకరు, నాకు తెలుసు. అయినా కోపం తెచ్చుకోను. ముందుకు వచ్చి, ముఖంలోకి చూసి, మళ్ళీ పిలుస్తాను.