నలభై నంబరు మెరుగు

బంగారం లాంటి మంగలికత్తిని ఒక్క పూటలో ఎంత నాశనం చేయవచ్చో తెలుసుకోవాలంటే మీరు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, నన్ను అడగండి. తప్పు నాది కాదని ముందే చెబుతున్నాను. తప్పు అంకెలది.

తెలుగు సరిహద్దు దాటగానే వచ్చే కొంటా ఊళ్లో, హైవే పక్కన నాది మోటార్ల వైండింగ్ షాపు. చదివింది ఎనిమిదో తరగతే అయినా చుట్ల లెక్క, తీగ మందం లెక్క సొంతంగా నేర్చుకున్నాను. అప్పటికి నా వయసు నలభై దాటలేదు. గర్వం మాత్రం ఎప్పుడో దాటింది.

పక్కనే సెలూన్ నడిపే వీరన్న మామ ఒకరోజు పొద్దున్నే తుప్పు పట్టిన కత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“మా నాయన కత్తి, అల్లుడా. ఎల్లుండి మనవణ్ణి పెళ్లికొడుకును చేస్తున్నం. మా ఇంట్ల ఏ పెళ్లికొడుక్కైనా ఈ కత్తే పట్టాలె. నీ మోటారు మీద మెరుగు పెట్టియ్యి.”

“కొత్త కత్తితో గీస్తే కాదా మామా?”

“నీ పెళ్లికి అద్దె తాళి కట్టినవా?”

వెంటనే కత్తి పట్టుకుని, మెరుగు సరుకు కోసం జగదల్‌పూర్ బస్సెక్కాను. అక్కడి దుకాణదారు కత్తి చూసి, “హరా వాలా లే జావో భయ్యా,” అంటూ పచ్చ సబ్బుబిళ్ల లాంటిది చేతిలో పెట్టాడు. ఉక్కుకు ఆఖరి మెరుగు దానితోనేనట. తిప్పి తిప్పి చూశాను.

“నంబర్ కిత్‌నా?”

“నంబర్ నహీ హోతా. హరా హై, బస్.”

నంబరు లేని సరుకును నమ్మడమా? ఊరూ పేరూ చెప్పనివాడికి మీరు పిల్లనిస్తారా? గాజు బీరువాలో మెరుగు పేస్టు ట్యూబులు కనిపించాయి. వాటి మీద ఒకటి, ఏడు, నలభై అని ఎంతో ముచ్చటగా అచ్చువేసి ఉంది. మూడూ తెచ్చుకున్నాను.

ఇక నా లెక్క వినండి. ఎమరీ పేపరు ఎనభై నంబరుదైతే గరుకు, రెండు వేల నంబరుదైతే నునుపు. అంటే నంబరు పెరిగితే నునుపు పెరగాలి. కనుక ముందు ఒకటి, తర్వాత ఏడు, చివర నలభై. ఇందులో తప్పెక్కడుందో చూపించండి.

మర్నాడు ఎమరీ పేపరుతో తుప్పు తీసి, మోటారుకు తగిలించిన బట్టచక్రానికి ఒకటో నంబరు పట్టించాను. కత్తి అద్దమైంది. అందులో నా పళ్ల సందులు కూడా కనిపించాయి. ఒకటికే ఇంత మెరిస్తే నలభైకి కళ్లు పోతాయేమోనని నల్లద్దాలు పెట్టుకున్నాను. ఏడో నంబరుతో కొంచెం మసకబారింది. చక్రం కొత్తది కదా అని సర్దుకున్నాను. నలభై పట్టించాక, వానాకాలం దోర్నపాల్ దారిలో లారీలు చేసిన గాడుల్లా కత్తి నిండా గీతలు పడ్డాయి.

సరిగ్గా అప్పుడే మామ వచ్చాడు.

“ఏందిది?”

“చివరి మెట్టు మామా. నలభై.”

“నేనిచ్చినప్పుడు తుప్పొక్కటే ఉండె. దీనికి అమ్మోరు ఎప్పుడు పోసింది?”

“లెక్క ప్రకారం ఇది నున్నగానే ఉంది.”

“నీ లెక్క గడ్డం గీస్తదా?”

మామ నలభై ట్యూబు పిండి రెండు వేళ్ల మధ్య నలిపాడు. “ఇసుక,” అన్నాడు. ఒకటో ట్యూబు నలిపాడు. “ఇది వెన్న. వెన్న పూసినంక ఎవడన్నా ఇసుక రుద్దుతడా?”

ట్యూబు మీది అంకె రజను సైజట. పెద్ద అంకె అంటే పెద్ద రవ్వ. ఈ అన్యాయం చూడండి. ఎమరీ పేపరువాళ్లు ఒక కొస నుంచి లెక్కపెడతారు, పేస్టువాళ్లు రెండో కొస నుంచి. ఇద్దరూ ఒకే దుకాణంలో పక్కపక్కనే కాపురం. అడిగే నాథుడు లేడు. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈసారి నలభై, ఏడు, ఒకటి. ప్రతిసారీ చక్రం మార్చి, వేడెక్కకుండా కత్తిని నీళ్లలో ముంచుతూ, సాయంత్రానికి మళ్లీ మెరిపించాను. మామ రాతి మీద, తోలు మీద పదును పెట్టి నా వైపు చూశాడు.

“కూసో.”

“నేనెందుకు మామా?”

“పరీక్ష మనవడి చెంప మీద చెయ్యమంటవా?”

అంచున ఇంకా ఒక గీత మిగిలి ఉందని, కత్తి తగులుకుని సగం తెగాక నా ఎడమ మీసం కనిపెట్టింది. “కదలకు, రెండు పక్కలా సమానం చేస్త,” అన్నాడు మామ. సమానం అయ్యేసరికి రెండు పక్కలా సున్నా.

మామ ఆ గీత కూడా రాతి మీద తీసేశాడు. మర్నాడు కత్తి పెళ్లికొడుకు చెంప మీద చప్పుడు లేకుండా జారింది. పందిట్లో అందరూ కత్తిని మెచ్చుకున్నారు. నా దగ్గరికి వచ్చి మాత్రం గొంతు తగ్గించి, “ఇంట్ల ఎవరు పోయిన్రు?” అని అడిగారు.

ఎవరూ పోలేదని నేను చెప్పేలోపే మామ అందుకున్నాడు. “ఈయన లెక్క పోయింది. దినం నిన్ననే చేసినం.”

ఆ పందిట్లోనే నిలబడి ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఇక ఎవరి కత్తికీ మెరుగు పెట్టను. పెట్టినా, మొదటి గడ్డం నాది కానివ్వను.