సూత్రాలయ్య పలకరింపు

ఆ లాండ్రీ మేనేజరుకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఏదైనా కావచ్చు, పనివాళ్లు పెట్టిన పేరు మాత్రం సూత్రాలయ్య. ఆసుపత్రుల దుప్పట్లు, లాడ్జీల తువ్వాళ్లు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టే చోటు అది. అక్కడ ఆయన చేతికి ఏనాడూ తడి అంటలేదు. మేనేజ్‌మెంటు పుస్తకాలు మాత్రం అరడజను నమిలాడు. ఏ పుస్తకం చేతికొస్తే అది పనివాళ్ల నెత్తిన రుద్దడమే ఆయన జీవితచరిత్ర.

మొదట పని విభజన పట్టుకుంది. దుప్పటి కొస పట్టేవాళ్లు కొసే పట్టాలి, మడిచేవాళ్లు మడవాలే తప్ప ఎత్తకూడదు. మనిషంటే మరలో ఒక ముక్కట. తర్వాత ఒకే అధికారి సూత్రం తలకెక్కింది. ఎవరైనా సరే తన పైమనిషి చెబితేనే కదలాలి. ఒకనాడు పైమనిషి టీ తాగడానికి వెళ్తే, పగిలిన గొట్టంలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. "తప్పు సూత్రానిది కాదు, మీ బుర్రలది" అన్నాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి. తగిన పనికి తగిన మనిషి కావాలంటూ, దగ్గుతో బాధపడే బాయిలరు మనిషిని ఇంటికి పంపేసిందీ ఆ రోజుల్లోనే. ఆ మనిషి భార్యే మడతల బల్ల దగ్గర పనిచేసే పెద్దమ్మ. పిల్లల్లేరు, ఒకరికొకరే దిక్కు.

మూడో పుస్తకం మానవ సంబంధాల గురించి. మనిషి జీతం కోసమే పనిచేయడట, తనను ఎవరో పట్టించుకుంటున్నారనిపిస్తే ఇంకా ఎక్కువ చేస్తాడట. మంచి మాటే. కానీ సూత్రాలయ్యకు అందులో 'ఇంకా ఎక్కువ చేస్తాడు' అన్నంత వరకే కనిపించింది. మూడు లాండ్రీల మీద పెద్ద మేనేజరు కుర్చీ ఖాళీ కాబోతోంది. ఆయన ప్రాణమంతా ఆ కుర్చీ మీదే ఉంది.

మర్నాటి నుంచి పొద్దున్నే బల్లల వెంట తిరిగాడు. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న కేటాయించాడు. ఇస్త్రీ అతనికి నడుము నొప్పి, డ్రైవరుకు కొత్త ఇల్లు, పెద్దమ్మకు మొగుడు.

"మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా?"

"ఏం చెప్పను బాబూ, దగ్గు తగ్గట్లేదు."

"మంచిది, మంచిది" అంటూ పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయేవాడు.

ఇంట్లో భార్య జ్వరంతో మూలుగుతూ, "లాండ్రీలో అందర్నీ పలకరిస్తారటగా, నన్నూ ఓ మాట అడక్కూడదూ?" అంది. "నీకేమయింది?" అన్నాడు టై సరిచేసుకుంటూ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట ఆయన పుస్తకాల్లో లేదు.

వానాకాలంలో బాయిలరు మనిషి పోయాడు. పనివాళ్లంతా పూట సెలవు పెట్టి వెళ్లి సాగనంపి వచ్చారు. సెలవిచ్చింది సూత్రాలయ్యే, ఎందుకని మాత్రం అడగలేదు. ఆ రోజు మడతలు తగ్గినందుకు కుమిలిపోయి, తన పలకరింపులో తీపి చాల్లేదనుకున్నాడు. పెద్దమ్మ తిరిగి పనిలోకి రాగానే తేనె పూసి అడిగాడు. "మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. వెక్కిరిస్తున్నాడేమో అనుకుంది. వెక్కిరించడానికైనా సంగతి తెలిసుండాలిగా! "బాగున్నాడు బాబూ" అంది. ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఇస్త్రీ అతను పళ్లు కొరుక్కుని, "మొహం మీదే చెప్పెయ్యొచ్చుగా పెద్దమ్మా?" అంటే, "పోనీలేరా" అనేది.

కుర్చీ సంగతి తేల్చడానికి యజమాని వచ్చాడు. "నేను వీళ్లకు మేనేజర్ని కాదు సార్, ఇంటిమనిషిని" అంటూ సూత్రాలయ్య ఆయన్ని నేరుగా మడతల బల్ల దగ్గరికే తీసుకొచ్చాడు. "మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా?"

పెద్దమ్మ దుప్పటి కొస వదల్లేదు.

"వానల్లోనే పోయాడు బాబూ. మీరు రోజూ అడుగుతుంటే, మీ నోట్లోనైనా బతికున్నాడులే అని చెప్పలేదు."

లాండ్రీ అంతా చేతులాపి చూసింది. సూత్రాలయ్య చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గనుకునేరు, కుర్చీ పోతుందన్న భయం. యజమాని గొంతు సవరించుకుని, "మడతలైతే పెరిగాయి కదా?" అన్నాడు. పెరిగాయి. కుర్చీ ఇచ్చేశాడు. ఆ దొరకు తగ్గ బంటే దొరికాడు.

మర్నాడు పొద్దున సూత్రాలయ్య ఆ బల్ల దగ్గర ఆగాడు. రాత్రంతా ఆలోచించి తప్పు దిద్దుకుని వచ్చాడు పాపం.

"పిల్లలెలా ఉన్నారమ్మా?"