గోడ అవతలి పాట

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని ఇంకా చెప్పులైనా విప్పకముందే, మా మనవరాలు చేతిలో ఫోను పట్టుకుని మహా కోపంగా వచ్చి నా ముందు నిలబడింది. ఈ కాలం పిల్లలు చెవుల్లో దోపుకుంటారే, ఆ బొడిపెల్లో ఒకటి తీసి నా చెవిలో పెట్టి వినమంది. విన్నాను. నేను ఎప్పటినుంచో ఎరిగిన పాత సినిమా పాట అది. "సూడు తాతా, మన కోత పండుగ పాటను ఈ సినిమావాళ్లు ఎట్ల కాపీ కొట్టినారో" అని దాని బాధ. ఏటా మా సంఘంలో పంట దేవుని ముందుకు తెచ్చే రోజున పాడే ఆ పాటను అది ఊహ తెలిసినప్పటి నుంచి వింటోంది కాబట్టి, ఆ బాణీ ముందు మనది, తర్వాతే లోకానిది అనుకుంటోంది. నాకు నవ్వు వచ్చింది, దాని వెనకే కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఏళ్లకు ముందే మా నాయన నోట దాదాపు ఇదే మాట విన్నాను నేను.

నా ఈడు వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు గాని, డెబ్భైల చివర్లో ఆళ్లగడ్డ లాంటి ఊళ్లో, కొత్తగా ఉద్యోగంలో చేరిన బడిపంతులుకు పిచ్చి పట్టాలంటే సినిమా పట్టాలి, లేదా రేడియో పాట, లేదా ఆట. నాకు మూడూ పట్టాయి. సాయంత్రం బడి వదలగానే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వాలీబాల్ నెట్టు దగ్గర ప్రత్యక్షమయ్యేవాణ్ణి. టెస్టు మ్యాచి జరిగే రోజుల్లో తోలు తొడుగు వేసిన ట్రాన్సిస్టరును చెవికి ఆనించుకుని, అంతంత మాత్రం వచ్చిన హిందీలో విన్న స్కోరును పక్కవాళ్లకు తెలుగులో చెబుతూ, ఔటు కానివాణ్ణి ఔటు చేసి అందరిచేతా చీవాట్లు తినేవాణ్ణి. క్రికెట్ వింటే మా నాయన ఏమీ అనేవాడు కాదు. సినిమా పాట వస్తున్నప్పుడు మాత్రం వాకిట్లో ఆయన దగ్గు వినబడగానే మర తిప్పేసి వ్యవసాయ కార్యక్రమం పెట్టేవాణ్ణి. పత్తికి పట్టే పురుగుల గురించి ఆ రోజుల్లో నాకు తెలిసినంత మా వీధి సేద్యగాళ్లకు కూడా తెలియదంటే, ఎన్ని పాటలు సగంలో తెగిపోయాయో మీరే ఊహించుకోండి.

నాయన కొద్దిపాటి నల్లరేగడిలో జొన్న, పత్తి పండించుకునే మనిషి, మా సంఘానికి పెద్ద. అబద్ధం ఆడడని పేరు. గట్టు తగాదా వచ్చినా రెండు పక్కలవాళ్లూ ఆయన మాటకు ఒప్పుకునేవారు. మా ఊరి సినిమా డేరా ముందు నుంచి నడవాల్సి వస్తే ఇంకో వీధి చుట్టి వెళ్లేవాడు. ఒక క్రిస్మసుకు మా కుర్రవాళ్లు సినిమా బాణీలో భక్తి మాటలు కూర్చి, డోలక్ వాయిస్తూ హుషారుగా పాడుతుంటే, ఎవరో ఆయన చెవిన వేశారు. పాట మధ్యలోనే లేచి చెయ్యెత్తాడు. "ఆ డేరాలో మోగిన పాట ఈ కప్పు కింద మోగగూడదు" అన్నాడు, అంతే. ఆ పాట మళ్లీ ఎవరూ పాడలేదు.

అటువంటి తండ్రికి కొడుకునై ఉండి నేను నెలకు రెండుసార్లైనా సినిమా ఎలా చూశానంటే, అదంతా నంద్యాలలో ఉండే మా మేనత్త చలవ. ఆమెకు పిల్లలు లేరు, మామ చిన్న వయసులోనే పోయాడు, ఆస్పత్రిలో ఆయాగా చేసేది. ఆమె ఉండేది ఒక సినిమా హాలు వెనక సందులో. హాలు గోడే ఆమె పెరటి గోడ. ఉక్కపోతకు హాలు పక్కతలుపులు బార్లా తీసి ఉంచేవారేమో, మ్యాట్నీ మొదలైతే మాటలూ పాటలూ అన్నీ పెరట్లోకి వచ్చి పడేవి. ఒక్క సినిమా కూడా కళ్లతో చూడని మా అత్తకు ప్రతి సినిమా కథా తెలుసు. ఇంటర్వెల్ గంట కొట్టగానే కాఫీకి ఎసరు పెట్టేది. శనివారం ఒంటిపూట బడి కాగానే, అత్తను చూసొస్తానని నాయనకు చెప్పి బస్సెక్కేవాణ్ణి. అబద్ధం కాదు, అత్తను చూసేవాణ్ణి, ఆమె పెట్టిన అన్నం తినేవాణ్ణి, ఆ తర్వాత గోడ అవతలికి వెళ్లేవాణ్ణి. తిరిగి వచ్చేటప్పుడు నాయన కోసమని ఆమె ఒక సీసాడు నిమ్మకాయ ఊరగాయ ఇచ్చి పంపేది. దానికి మించిన సాక్ష్యం ఏముంటుంది?

ఇలా ఉండగా మా అమ్మ పోయింది. అమ్మ ఉన్నన్నాళ్లూ చర్చిలో పాట ఎత్తుకునేది నాయనే. మాకు పాడించేవాళ్లు వేరే లేరు. ఆయన మొదటి మాట అనగానే ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ గొంతు అందుకునేది, ఆ తర్వాతే మిగతావాళ్లమందరం. అమ్మ పోయాక నాయన కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకునేవాడు, చూపు పుటమీదే ఉండేది, పెదవి మాత్రం కదిలేది కాదు. ఒక వారం, రెండు వారాలు అనుకున్నాం. ఏడాది దాటింది. పొలంలోనూ, గొడ్ల దగ్గరా కూనిరాగం తీసే అలవాటున్న మనిషి దాన్నీ మానేశాడు. ఇంట్లో మేమిద్దరమే. ఆ మౌనంలో అన్నం తినడం ఎంత కష్టమో నాకు తెలుసు. చెల్లెల్ని చూసొస్తానని అప్పుడప్పుడు తను కూడా నంద్యాల వెళ్లడం మొదలుపెట్టాడు. తోడు లేక వెళ్తున్నాడులే అనుకున్నాను. ఆయన వెంటా ఊరగాయే వచ్చేది. మా ఇంటి గూట్లో సీసాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది.

ఆ ఏడు కోత పండుగకు కొత్త పాట ఒకటి కట్టమని మా పాస్టరు అయ్యగారు నన్ను అడిగారు. నేను హార్మోనియం కొద్దిగా వాయిస్తాను, మాటలు కూడా ఏదో విధంగా కూరుస్తాను. బాణీ మాత్రం పుట్టించలేను. వారం రోజులు హార్మోనియం ముందు కూర్చున్నా, నా తలకాయలో ఉన్నవన్నీ సినిమా బాణీలే. వాటిలో ఒకటి నన్ను వదల్లేదు. అంతకు కొంత ముందు నంద్యాలలో అత్త ఇంటి పక్క హాల్లోనే చూసిన సినిమాలోది. పిల్లను నిద్రపుచ్చుతూ తల్లి పాడే పాట, నిదానంగా సాగుతుంది. రెండో చరణం ముందు పిల్లనగ్రోవి ఒక్కటే కాసేపు వినిపిస్తుంది. మా అమ్మ గొంతుకు సరిగ్గా సరిపోయే పాట అని ఆ రోజు హాల్లోనే అనుకున్నాను. ఆ బాణీలోనే మాటలు పెట్టాను. "జొన్న కంకిలో పాలు పోసిన తండ్రీ" అని మొదలు. తప్పని తెలియక కాదు. ఆ సినిమా నంద్యాలలో రెండు వారాలే ఆడింది, ఎవరికీ నచ్చలేదు, ఇక అది మా ఊరి ముఖం చూడదని నా ధీమా. ఎలాగైనా నాయన నోరు తెరవాలి, నాకు కావలసింది అదే.

పండుగనాడు చర్చి నిండా జొన్న కంకులు, గుమ్మడికాయలు, వేరుశనగ మోపులు, కాళ్లు కట్టేసిన కోళ్లు. నేను హార్మోనియం అందుకున్నాను. మొదటి చరణం మేము నలుగురమే పాడాం. నాయన చాప మీద తలవంచుకుని కూర్చున్నాడు. మాకు పిల్లనగ్రోవి లేదు కనుక రెండో చరణం ముందు ఆ చోట డోలక్ ఒక్కటే నడిచింది. అప్పుడు వినపడింది నాయన గొంతు, మాటలు లేకుండా, ముక్కుతో తీసిన రాగం. పిల్లనగ్రోవి ఉండాల్సిన చోట సరిగ్గా ఆ పిల్లనగ్రోవి రాగమే. ఆ తర్వాత మాటలు కూడా అందుకున్నాడు. ఏడాదిన్నర పాడని గొంతు కదా, బొంగురుపోయి, పైకి వెళ్లినచోట తెగిపోతూ ఉంది. ఆడవాళ్ల వైపు కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాగం ఆయనకెలా తెలుసని నాకు అనుమానం రాకపోలేదు. ఇంట్లో నీళ్లు తోడుతూ నేను తీసిన కూనిరాగం ఆయన చెవిన పడి ఉంటుందని సరిపెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన మళ్లీ పాట ఎత్తుకునే మనిషయ్యాడు.

సినిమావాళ్ల పద్ధతులన్నీ తెలిసినవాణ్ణని అనుకునేవాణ్ణి గాని, అసలు సంగతి మర్చిపోయాను. పట్నంలో ఆడనిది కూడా పాతబడ్డాక అగ్గువకు దొరికి, పల్లె డేరాకు వస్తుంది. పండుగ వెళ్లిన కొన్ని నెలలకు, ఎండాకాలంలో, మా ఊరి డేరా టాకీసుకు ఆ సినిమా వచ్చింది. ఆట మొదలయ్యే ముందు డేరా మీద కట్టిన మైకులో పాటలు వేసేవారు. అవి ఊరంతా వినపడేవి. గోడ మీద అంటించిన వాల్‌పోస్టరు చూసినప్పుడే నా ప్రాణం పోయింది. మైకు మూయించలేను, నాయన్ను ఊరు దాటించలేను. ముందే చెప్పేద్దామని రెండుసార్లు దగ్గరికెళ్లి, గేదెకు కుడితి పెట్టావా అని అడిగి వెనక్కి వచ్చాను. చెబితే మళ్లీ నోరు మూసుకుంటాడేమో, ఈసారి మూస్తే ఇక తెరవడేమో అన్నదే నా భయం.

పొద్దు వాలుతోంది. నాయన గేదె ముందు జొన్నచొప్ప వేస్తున్నాడు, నేను తొట్టిలో నీళ్లు పోస్తున్నాను. మైకులో ఆ పాట మొదలైంది. చేతిలో బిందె ఎక్కడ పెట్టానో గుర్తులేదు. నాయన చొప్ప పట్టుకుని అలాగే నిలబడి, పాటంతా విన్నాడు. నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. అయిపోయాక చొప్ప గేదె ముందు వేసి, "సినిమావాళ్లు గూడ మన పాటే పాడతాండారే" అన్నాడు. నవ్వలేదు, కోపపడలేదు.

ఆ ఆదివారం చర్చిలో కొందరు గొణగడం మొదలుపెట్టారు. నాయన లేచి నిలబడి, "మన పాట నచ్చి వాళ్లు పాడుకుంటే మనమెందుకు మానుకోవాలప్పా" అని కూర్చున్నాడు. అబద్ధమాడని మనిషి అన్నాక ఇంకెవరు కాదంటారు? పాట నిలిచింది. నాకు మాత్రం లోపల ముల్లు దిగింది. అమాయకుడైన తండ్రిని మోసం చేసి, ఆయన చేతనే నలుగురి ముందూ తప్పు చెప్పించానే అని ఏళ్ల తరబడి కుమిలిపోయాను. ప్రతి కోత పండుగకూ ఆయన పాడుతుంటే సంతోషం ఒక పక్క, సిగ్గు ఒక పక్క. చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను, ఎనభైలు సగం గడిచేసరికి నాయన వెళ్లిపోయాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక అత్తను ఆమె ఇంట్లో దింపడానికి నంద్యాల వెళ్లాను. పెరట్లో కూర్చుని, నా తప్పంతా ఆమె ముందు కక్కేశాను. ఆమె పక్కనున్న గోడ చూపించింది. "మీ అమ్మ పోయినప్పట్నుంచి మీ నాయన ఈడికి ఎందుకు వస్తాండె అనుకున్యావు? ఆ గోడకు ఆనుకోని కూచుంటాండె. ఆ పాట వచ్చే సినిమా ఆడినప్పుడు వారంలో రెండు తూర్లు వచ్చినాడు. మీ అమ్మే పాడినట్టుంది అన్యాడు. కాఫీ ఇచ్చినా తాగకుండ, పాట అయిపోయేదంకా కదల్తాండ్లేదు. నీకు చెప్పగూడదని నాతో ఒట్టు పెట్టిచ్చుకున్యాడు" అంది. మరి మైకులో పాట వచ్చిన రోజు ఆ మాట ఎందుకన్నాడని అడిగాను. దానికి ఆమె, "పిల్లోడి మొగం సున్నం కొట్టినట్టయింది, ఏదో ఒకటి అనాల గదా, అనేసినా అన్యాడు" అంది.

నేను గోడ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాను. చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పాటను ప్రేమించి, ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే గోడకు అటొకరు ఇటొకరు కూర్చుని వచ్చామే, పాపం ఊరగాయ సీసాలు మోసుకుంటూ. ఆయన జీవితంలో ఆడిన అబద్ధం అదొక్కటే అయ్యుంటుంది. దాన్ని కూడా నా కోసమే ఆడాడు.

ఇప్పుడు ఆ హాలు లేదు, దాని చోట బట్టల దుకాణాలు వచ్చాయి. అత్తా లేదు, ఆ పెరడూ లేదు. పాటలకైతే కరువే లేదు, లోకంలో ఉన్నవన్నీ మా మనవరాలి అరచేతిలోనే ఉన్నాయి. మా కాలంలో పాట ఎవరిదీ కాదు. హాలు గోడ దాటేది, డేరా మీంచి ఊరి మీదకు వచ్చేది, ఇష్టమని చెప్పుకోలేని వాళ్ల దగ్గరికి కూడా అదే నడిచి వచ్చేది. ఇప్పుడు ఎవరి పాట వాళ్ల చెవిలోనే మొదలై అక్కడే అయిపోతోంది. పక్కన కూర్చున్న మనిషి ఏం వింటున్నాడో, దేనికి కళ్లు తుడుచుకుంటున్నాడో మనకు తెలియదు.

"అయినా తాతా, మధ్యలో ఆ ఫ్లూటు మాత్రం బాగుంది, మన పాటలో అది లేదు" అంది మనవరాలు, కోపం కొంత తగ్గాక. ఉండేదమ్మా, మీ ముత్తాత పాడేవాడు అన్నాను. ఎవరి పాట ఎవరు పట్టుకుపోయారో చెప్పబోయి, నాయన ఇచ్చిన తీర్పును కాదనడానికి నేనెవరినని ఊరుకున్నాను. చెవిలోని బొడిపె తీసి దాని చేతికిచ్చి, అది పక్కన పెట్టి పాటను పైకి వినపడేటట్టు పెట్టమన్నాను. ఇంట్లో ఉన్నది మనమిద్దరమే గదా, ఎవరికని అడిగింది. ఏమో, గోడకు ఆనుకుని ఎవరైనా కూర్చుని ఉంటారేమోనమ్మా అన్నాను.